రాత్రి డ్యూటీలో ఏ నిర్ణయం హౌస్‌సర్జన్‌ది, ఏది పీజీది?

పల్లవరం_పార్ట్2
వచ్చే నెల నుంచి ఇక్కడే చెన్నైలో సీఆర్‌ఆర్‌ఐ, అంటే మన ఊళ్ళ భాషలో హౌస్‌సర్జన్సీ, ఎంబీబీఎస్ చివర్లో చేసే ఇంటర్న్‌షిప్. రాత్రి రెండింటికి మెడిసిన్ వార్డులో సిస్టర్ వచ్చి "పన్నెండో బెడ్ ఆయాసపడుతున్నాడు" అంటే, ఆ టైముకి పీజీ, అంటే మా పై స్పెషాలిటీ కోర్సు చేస్తున్న డాక్టర్, ఐసీయూలో ట్యూబ్ వేస్తూ ఉంటే ఏం చేయాలి? లాగ్‌బుక్‌లో కాన్యులా, అంటే నరంలో ఉంచే సన్నటి గొట్టం, సొంతంగా పెట్టాలని ఉంది. బాగానే ఉంది. ఆ కాన్యులాలోంచి ఏం ఎక్కించాలన్నది ఎవరిది? "సీనియర్‌ని అడుగు" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి. ఏం చూసి, ఏం చేసి, ఎన్నో నిమిషంలో అడగాలో చెప్పండి.

మెడిసిన్_మూడో_ఏడు
తమ్ముడూ, రూలు సంగతి ముందు తేల్చేద్దాం. ఇంటర్న్ ఎప్పుడూ పై డాక్టర్ పర్యవేక్షణలోనే పని చేయాలి. మెడికల్ సర్టిఫికెట్, డెత్ సర్టిఫికెట్, మెడికో లీగల్ కాగితం, వీటి మీద ఇంటర్న్ సంతకం పెట్టకూడదు. ఇది రాతలో ఉన్నది. రాతలో లేనిదేంటంటే, పీజీ వచ్చేలోపు ఆ పది నిమిషాలు నీ చేతిలోనే ఉంటాయి.

బెడ్ దగ్గరికి వెళ్ళగానే పేషెంట్‌ని లేపి కూర్చోబెట్టు. పేరు అడుగు. ఒక్క ఊపిరిలో వాక్యం పూర్తి చేస్తున్నాడా, రెండు మాటలకే ఆగిపోతున్నాడా అన్నది అక్కడే తేలిపోతుంది. సాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, చూసే ప్రోబ్ వేలికి పెట్టు. ఊపిరి నిండు నిమిషం లెక్కపెట్టు. నాడి, బీపీ చూడు. అరిచేయి చల్లగా ఉందా చూడు. గ్లూకోమీటర్‌తో షుగర్ చూడు. సాచురేషన్ 94 కంటే తక్కువుంటే ఆక్సిజన్ పెట్టు. ముక్కు గొట్టాలతో 2 నుంచి 4 లీటర్లు, చాలకపోతే మాస్క్. మామూలు మాస్క్‌కి 5 లీటర్లకు తగ్గించకూడదు, తగ్గిస్తే వదిలిన గాలినే మళ్ళీ పీలుస్తాడు. బ్యాగ్ ఉన్న మాస్క్‌కి 10 నుంచి 15, పీల్చినప్పుడు కూడా బ్యాగ్ పూర్తిగా ముడుచుకుపోకూడదు. కేస్ షీట్లో సీఓపీడీ (ఏళ్ళ తరబడి ఉండే ఊపిరితిత్తుల జబ్బు) అని ఉంటే గురి 88 నుంచి 92. అక్కడ 100 కనిపిస్తే సంతోషించే పని లేదు. ఆ తర్వాత ఛాతీ విను, వెనక అడుగు భాగం కూడా. ఈసీజీ తీయించు.

ఇదంతా ఐదారు నిమిషాల పని. వీటిలో దేనికీ ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ వెంటనే ఫోన్. సాచురేషన్ 97కి వచ్చేసినా సరే ఫోన్ చెయ్యాల్సిందే, ఎందుకంటే ఆక్సిజన్ అంకెని సరిచేసింది, కారణం అక్కడే ఉంది. డెరిఫిల్లిన్ (ఊపిరి గొట్టాలు వదులు చేసేది), హైడ్రోకార్టిసోన్ (స్టెరాయిడ్), లాసిక్స్ (మూత్రం పోయించేది) మూడూ వరసగా కొట్టేసి అప్పుడు ఫోన్ చేసే అలవాటు చాలా వార్డుల్లో ఉంది. తగ్గితే దేనికి తగ్గిందో తెలియదు. తగ్గకపోతే పీజీకి చేతిలో చిక్కుముడి పెట్టినట్టు.

ఐసీయూ_సిస్టర్
ఊపిరి లెక్క గురించి నేనొక మాట చెప్పాలి. ఏ వార్డు చార్టు తీసినా కింది నుంచి పై దాకా 18, 20, 18, 20. మనుషులు అంత క్రమంగా ఊపిరి తీయరు డాక్టర్ గారూ. మేమూ అలా రాస్తాం, మీరూ అలా రాస్తారు, ఆ తప్పు ఇద్దరిదీ.

దాని వల్ల ఏమవుతుందో చూడండి. న్యూస్-2 స్కోరు, అంటే పేషెంట్ దిగజారుతున్నాడా అని అంకెలతో లెక్కగట్టే పద్ధతి, వాడే చోట, ఊపిరి 26, మామూలు గాలి మీద సాచురేషన్ 95, నాడి 104, బీపీ పై అంకె 112, జ్వరం 37.8, స్పృహలో ఉన్నాడు అనుకోండి. ఊపిరికి 3, సాచురేషన్‌కి 1, నాడికి 1, మొత్తం 5. ఐదంటే డాక్టర్ త్వరగా వచ్చి చూడాలి. పైగా ఒక్క దాంట్లోనే 3 వచ్చింది, అదొక్కటే చాలు పిలవడానికి. అదే పేషెంట్‌కి అలవాటుగా 20 అని రాస్తే స్కోరు 2. అందరూ నిద్రపోవచ్చు. 7 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ఎమర్జెన్సీ అని అందరికీ తెలుసు, 7 దాకా వెళ్ళకుండా ఆపే అంకె మాత్రం ఈ ఊపిరే. నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుని ఛాతీ లెక్కపెట్టండి. లెక్కపెడుతున్నారని తెలిస్తే పేషెంట్ ఊపిరి మార్చేస్తాడు.

పల్లవరం_పార్ట్2
థాంక్యూ అన్నా, సిస్టర్ గారూ. బీపీ సంగతి? 84/50 ఉంటే 500 సెలైన్ ఫుల్‌గా వదిలేయడం నా చేతిలో ఉన్నట్టేనా? పీజీ వచ్చేదాకా ఆగితే లేటవుతుంది కదా.

మత్తుడాక్టర్
ఆగకు. 250 మి.లీ. నార్మల్ సెలైన్ లేదా ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్), 10 నుంచి 15 నిమిషాల్లో. అయ్యాక మళ్ళీ బీపీ, నాడి, ఛాతీ. 500 బాటిల్ తగిలించి వెళ్ళిపోతే తిరిగొచ్చేసరికి మొత్తం లోపలుంటుంది, మధ్యలో ఏం జరిగిందో ఎవరూ చూసి ఉండరు. 250 దగ్గర ఆపాలంటే బాటిల్ మీద ప్లాస్టర్ అంటించి గీత గీయి. చిన్న పనే, పనికొస్తుంది.

క్యాజువాల్టీ_సీఎంఓ
ఇక్కడ నేను ఒప్పుకోను. మన వార్డుల్లో పన్నెండో బెడ్ ఎవరు? వారానికి రెండుసార్లు డయాలిసిస్ చేయించుకునే మనిషి కావచ్చు, గుండె పంపింగ్ 25 శాతం ఉన్న మనిషి కావచ్చు. బీపీ తక్కువ, అడుగున గురగుర, మెడ నరం ఉబ్బి ఉంది అంటే అది గుండె చేతులెత్తేయడం. అక్కడ 250 కూడా ఎక్కువే. ఈసీజీ చూడకుండా సెలైన్ ముట్టుకోవద్దు. అదే ఛాతీ శుభ్రంగా ఉండి, మెడ నరం ఉబ్బి, ఈసీజీలో 2, 3, ఏవీఎఫ్ లీడ్లలో (గుండె కింది గోడని చూపేవి) ఎస్‌టీ గీత లేచి ఉంటే ఛాతీ కుడి వైపు వీ4 లీడ్ తీయాలి. కుడి జఠరిక దెబ్బతిన్న కేసుకి సెలైనే మందు, సార్బిట్రేట్ (రక్తనాళాలు వదులు చేసే మాత్ర) నాలుక కింద పెడితే బీపీ పాతాళానికి పోతుంది.

మత్తుడాక్టర్
సీఎంఓ సార్, వినకుండా పెట్టమని నేననలేదు. అయినా మీ మాట నిజమే, "ఆగకు" అనే ముందు "విను" అనాల్సింది. అనుమానం ఉన్నప్పుడు చుక్క నీళ్ళు ఎక్కించకుండా చూసే దారి ఒకటుంది. తల వైపు ఎత్తిన మంచాన్ని చదును చేసి, కాళ్ళు 45 డిగ్రీలు పైకి లేపించు. కాళ్ళలోని రక్తమే గుండెకి చేరుతుంది. నిమిషంలోపే బీపీ పెరిగితే నీళ్ళు పనికొచ్చే అవకాశం ఉంది. కాళ్ళు దించేస్తే అంతా యథాస్థానానికి పోతుంది, నష్టం లేదు. బీపీ కఫ్‌తో ఇది అంత కచ్చితం కాదు, ఆర్టీరియల్ లైన్ (ధమనిలో పెట్టి బీపీ చూసే గొట్టం) ఉంటే నమ్మొచ్చు. ఆయాసంతో పడుకోలేని మనిషికి మాత్రం ఈ పని చేయొద్దు.

మెడిసిన్_మూడో_ఏడు
ఇద్దరిదీ కలిపి చెప్తా. బయట రక్తం పోతోంది, విరేచనాలు, వాంతులు, నాలుక ఎండింది, ఛాతీ శుభ్రం: 250 మొదలుపెట్టి ఫోన్ చెయ్యి. గుండె, కిడ్నీ జబ్బు కేస్ షీట్లో ఉంది, లేదా ఛాతీలో గురగుర: ఈసీజీ చేతిలో పట్టుకుని ఫోన్ చెయ్యి, సెలైన్ వద్దు. ఏదో తేలడం లేదంటే ఫోన్‌లో అదే చెప్పు, "తేలడం లేదు" అన్నది కూడా సమాచారమే. పీజీ ఫోన్ తీయకపోతే డ్యూటీ ఏపీ, అంటే అసిస్టెంట్ ప్రొఫెసర్. ఏపీని లేపడం తప్పేమీ కాదు. ఎవరికి ఎప్పుడు చేశావో టైముతో కేస్ షీట్లో రాయి.

పల్లవరం_పార్ట్2
ఇంకోటి. పొటాషియం 2.6 అని రాత్రి ల్యాబ్ నుంచి ఫోన్. "కేసీఎల్ (పొటాషియం క్లోరైడ్) వేసేయ్" అని పీజీ ఫోన్‌లో అన్నారనుకుందాం. రాసేది నేను. ఎలా రాయాలి?

ఫార్మకాలజీ_మేష్టారు
మంచి ప్రశ్న. "వేసేయ్" అన్న మాట ఆర్డర్ కాదు. మందు, మోతాదు, దేనిలో కలపాలి, ఎంతసేపట్లో ఎక్కాలి, మళ్ళీ ఎప్పుడు చూడాలి, ఈ ఐదూ ఉంటేనే ఆర్డర్.

మన దగ్గర దొరికే కేసీఎల్ ఆంప్యూల్ 10 మి.లీ., 15 శాతం. అందులో 1.5 గ్రాములు, అంటే 20 మిల్లీఈక్వివలెంట్లు. చేతి నరంలో గంటకు 10 మిల్లీఈక్వివలెంట్లు మించకూడదు. లీటరుకి 40 మించి చిక్కగా ఉండకూడదు, నరం మండిపోతుంది. కాబట్టి 500 మి.లీ. నార్మల్ సెలైన్‌లో ఒకే ఆంప్యూల్, రెండు గంటల్లో. మి.లీ.కి 20 చుక్కల సెట్ అయితే నిమిషానికి సుమారు 83 చుక్కలు. గంటకు 20 అంటే సెంట్రల్ లైన్ (గుండె దగ్గరి పెద్ద నరంలో గొట్టం), మానిటర్ రెండూ ఉండాల్సిందే. కేసీఎల్‌ని సిరంజితో నేరుగా నరంలోకి ఎప్పుడూ ఇవ్వకూడదు, గుండె అక్కడికక్కడే ఆగిపోతుంది.

డెక్స్‌ట్రోజ్‌లో కలపడం మామూలుగా జరిగే తప్పు. గ్లూకోజ్ వెళ్ళగానే ఇన్సులిన్ పెరుగుతుంది, ఇన్సులిన్ పొటాషియాన్ని కణాల్లోకి తోస్తుంది. పెంచుదామని పెట్టిన బాటిల్ తగ్గిస్తుంది.

రాసే ముందు రెండు విషయాలు చూడాలి. మూత్రం వస్తోందా, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంత? మూత్రం గంటకు కిలోకి అర మి.లీ. కూడా రాని మనిషికి ఈ ఆర్డర్ పీజీ మళ్ళీ విని ఒప్పుకుంటేనే. మెగ్నీషియం కూడా పంపాలి. అది తక్కువుంటే ఎన్ని ఆంప్యూళ్ళు పోసినా పొటాషియం మూత్రంలో పోతూనే ఉంటుంది. నోటితో తాగగలిగి, ఈసీజీ బాగుండి, కండరాలు నీరసించకపోతే సిరప్ మంచిది. 15 మి.లీ.లో 20 మిల్లీఈక్వివలెంట్లు ఉంటాయి, గ్లాసు నీళ్ళలో కలిపి అన్నం తిన్నాక తాగించాలి. పరగడుపున చిక్కగా తాగిస్తే కడుపులో మంట, వాంతి.

ఐసీయూ_సిస్టర్
మేష్టారు చెప్పనిది ఒకటి. తగిలించి ఉన్న బాటిల్లోకి కింది నుంచి సూది గుచ్చి కేసీఎల్ కలుపుతారు కొందరు. పొటాషియం బరువు, కింద మూతి దగ్గరే కూర్చుంటుంది. మొదటి పది నిమిషాల్లో చిక్కటి కేసీఎల్ నరంలోకి పోతుంది. బాటిల్ దించాలి, కలపాలి, పదిసార్లు తలకిందులు చేయాలి, "కేసీఎల్ 20" అని టైముతో లేబుల్ అంటించాలి, అప్పుడు తగిలించాలి. ఇది మా పనే, కానీ ఆర్డర్ రాసినవాళ్ళు ఒకసారి వచ్చి లేబుల్ చూస్తే మాకు కోపం రాదు.

ఫార్మకాలజీ_మేష్టారు
సిస్టర్ గారు లేబుల్ అన్నారు కాబట్టి ఇన్సులిన్ కూడా చెప్పేస్తాను. మన దేశంలో వయల్స్ రెండు రకాలు, మి.లీ.కి 40 యూనిట్లవి, 100 యూనిట్లవి. సిరంజీలూ రెండు, 40కి ఎర్ర మూత, 100కి నారింజ మూత. 100 వయల్‌లోంచి ఎర్ర మూత సిరంజితో "10" గీత దాకా లాగితే వెళ్ళేది 25 యూనిట్లు. తిరగేస్తే, 40 వయల్‌లోంచి నారింజ మూత సిరంజితో "10" లాగితే వెళ్ళేది 4. మొదటిది తెల్లవారేసరికి కోమా, రెండోది కీటోఅసిడోసిస్ (ఇన్సులిన్ చాలక రక్తం ఆమ్లంగా మారడం) తగ్గడం లేదని మోతాదు పెంచుకుంటూ పోవడం. 50 మి.లీ.లో 50 యూనిట్ల డ్రిప్ కలిపేటప్పుడు 40 వయల్ అయితే 1.25 మి.లీ., 100 వయల్ అయితే 0.5 మి.లీ. కలిపాక మొదటి 20 మి.లీ. గొట్టం గుండా పారబోయాలి, ఇన్సులిన్ ప్లాస్టిక్‌కి అంటుకుంటుంది. పొటాషియం 3.5 కంటే తక్కువున్నప్పుడు ఇన్సులిన్ డ్రిప్ మొదలుపెట్టకూడదు. ముందు పొటాషియం.

"యూనిట్లు" అన్న మాట పూర్తిగా రాయాలి. ఇంగ్లీషు అక్షరం "యు" ఒక్కటే రాస్తే అది సున్నాలా కనపడి 10 కాస్తా 100 అవుతుంది.

నెల్లూరు_టు_సెంట్రల్
మందులు, మోతాదులు బాగా నడుస్తున్నాయి. చెన్నైలో మనవాళ్ళు పడే అసలు చిక్కు హిస్టరీలో ఉంది. తమిళ పేషెంట్ "వలి" అంటే నొప్పి, "వలిప్పు" అంటే ఫిట్స్. చివరి అక్షరం వినపడకపోతే ఫిట్స్ కేసుకి పెయిన్‌కిల్లర్ రాస్తారు. "మయక్కం" అంటే కళ్ళు తిరగడం కావచ్చు, స్పృహ తప్పడం కావచ్చు. "నినైవు ఇరుందుదా" అని తప్పకుండా అడగాలి, తెలివి ఉందా అని. "మూచ్చు వాంగుదు" ఆయాసం. "నీర్ కడుప్పు" మూత్రంలో మంట.

అటు నెల్లూరు, చిత్తూరు నుంచి రైలెక్కి సెంట్రల్‌లో దిగి వచ్చే మన పేషెంట్లు "గ్యాస్ పట్టేసింది" అంటారు. నలభై దాటిన మనిషి, షుగర్ ఉన్న మనిషి ఆ మాట అన్నాడంటే గ్యాస్ మాత్ర ప్యాంటాప్రజోల్ రాసే ముందు ఈసీజీ, వచ్చిన పది నిమిషాల్లోపు. గుండె కింది గోడ దెబ్బతింటే పొట్ట పై భాగంలోనే నొప్పి ఉండొచ్చు, వాంతి కూడా కావచ్చు. మొదటి ఈసీజీ బాగుంటే అయిపోలేదు, నొప్పి ఉన్నంతసేపు 15 నుంచి 30 నిమిషాలకోసారి మళ్ళీ తీయాలి.

పేర్లు కూడా. ఇక్కడ ఇనీషియల్ తండ్రి పేరుది, మనకి ఇంటిపేరుది. ఒకే వార్డులో ఇద్దరు లక్ష్మిలుంటే ఇనీషియల్ చూసి తేల్చుకోలేవు, రిజిస్టర్‌లో ఎవరు ఏది రాశారో నమ్మకం లేదు. ఐపీ నంబర్, అంటే చేరినప్పుడు ఇచ్చే ఇన్‌పేషెంట్ నంబర్, ఒక్కటే దిక్కు.

మెడిసిన్_మూడో_ఏడు
ఆ ఐపీ నంబర్ మాట బ్లడ్ దగ్గర ప్రాణం మీదికొస్తుంది. గ్రూపు తప్పి ఎక్కడం ల్యాబ్ తప్పు వల్ల కంటే శాంపిల్ మీద పేరు తప్పడం, పేషెంట్ మారడం వల్లే ఎక్కువ. ట్యూబు మీద పేరు మంచం పక్కనే నిలబడి, రక్తం తీసిన తర్వాత రాయాలి. ముందే నాలుగు ట్యూబుల మీద పేర్లు రాసుకుని వెళ్ళకూడదు. "మీరు లక్ష్మి కదా" అని అడగొద్దు, నిద్రమత్తులో అందరూ ఊ అంటారు. "మీ పేరు చెప్పండి" అను.

బ్యాగ్ వచ్చాక ఇద్దరు కలిసి చదవాలి. ఫ్రిజ్‌లోంచి బయటికొచ్చిన అరగంటలో మొదలవ్వాలి, నాలుగు గంటల్లో అయిపోవాలి. మొదటి 15 నిమిషాలు నెమ్మదిగా, ఎవరో ఒకరు పక్కనే. చలి, నడుము నొప్పి, ఎర్ర మూత్రం, ఏదొచ్చినా ఆపేయడం నీ నిర్ణయమే, ఎవర్నీ అడగక్కర్లేదు. ఆపి, సూది ఉంచి, సెట్ మార్చి, నార్మల్ సెలైన్ పెట్టి ఫోన్ చెయ్యి. అదే లైన్‌లో డెక్స్‌ట్రోజ్ వద్దు, రక్తకణాలు పగులుతాయి. ఆర్‌ఎల్‌లో కాల్షియం ఉంటుంది, గడ్డకడుతుంది.

పిల్లల_వార్డు
వానలు మొదలైతే ఐపీ సగం డెంగీయే కాబట్టి ఇది కూడా. సీఆర్‌ఆర్‌ఐలు పొద్దున్నే ప్లేట్‌లెట్లు మాత్రమే రాసుకొస్తారు, తల్లిదండ్రులు కూడా అదొక్కటే అడుగుతారు. చూడాల్సింది జ్వరం ఎప్పుడు తగ్గిందన్నది. జ్వరం తగ్గే వేళకి మొదలయ్యే 24 నుంచి 48 గంటలే గండం. "జ్వరం పోయింది, ఇంటికి పంపేద్దాం" అన్న నిర్ణయం సరిగ్గా ఆ పూటే తీసుకుంటారు, అదీ బాధ.

హెమటోక్రిట్ (రక్తంలో ఎర్ర కణాల వాటా) 20 శాతం పెరిగిందా, కడుపు నొప్పి, ఆగని వాంతులు, మగతగా ఉందా, కాలేయం 2 సెం.మీ. దాటి తగులుతోందా చూడాలి. బీపీ పై అంకె, కింది అంకెల మధ్య తేడా 20కి తగ్గిందా చూడాలి. 100/84 చూసి "బీపీ నార్మల్" అని రాసే చేతులు చాలా ఉన్నాయి. అది షాక్. వెంటనే పీజీ.

హెచ్చరిక లక్షణాలుండి ఇంకా షాక్ లేకపోతే సెలైన్ గంటకు కిలోకి 5 నుంచి 7 మి.లీ., ఒకటి రెండు గంటలు. బాగుంటే 3 నుంచి 5కి, తర్వాత 2 నుంచి 3కి దించాలి. దించడం మర్చిపోవడం ఎక్కువగా జరిగే తప్పు. రాత్రి 8కి రాసిన 7 మి.లీ. పొద్దున 8కీ నడుస్తూ ఉంటుంది, అప్పటికి కారిన నీళ్ళు తిరిగి రక్తంలోకి వస్తుంటాయి, పిల్ల ఊపిరాడక లేస్తుంది. అందుకే ఆర్డర్‌లో రేటు పక్కనే ముగింపు టైము ఉండాలి. ప్లేట్‌లెట్లు 20 వేలున్నా రక్తస్రావం లేకపోతే ఎక్కించక్కర్లేదు.

క్యాజువాల్టీ_సీఎంఓ
క్యాజువాల్టీ పోస్టింగ్ వాళ్ళకి రెండు ముక్కలు. ఇంజెక్షన్ పడగానే ఒళ్ళంతా దద్దుర్లు, గొంతు పట్టేసి, బీపీ పడిపోతే, అవిల్ (అలర్జీ మందు), హైడ్రోకార్టిసోన్ వెతుకుతూ నిమిషాలు పోగొడతారు. మొదటి మందు అడ్రినలిన్. మి.లీ.కి 1 మి.గ్రా. ఆంప్యూల్‌లో సగం, 0.5 మి.లీ., తొడ బయటి వైపు కండలో. పిల్లలకి కిలోకి 0.01 మి.గ్రా. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే ఇంకోటి. ఇది హౌస్‌సర్జన్ చేతిలోని నిర్ణయమే, ముందు ఇచ్చేసి ఆ తర్వాత ఫోన్ చెయ్యి. నరంలోకి మాత్రం నువ్వు ఇవ్వొద్దు.

పాము కాటు: శుభ్రమైన, పొడి గాజు ట్యూబులో 2 మి.లీ. రక్తం, 20 నిమిషాలు కదల్చకుండా, తర్వాత ఒక్కసారి వంచి చూడు. ప్లాస్టిక్ ట్యూబులో, సబ్బుతో కడిగిన ట్యూబులో గడ్డకట్టదు, లేని విషం ఉన్నట్టు కనిపిస్తుంది. మధ్యలో నాలుగుసార్లు వంచి చూసినా అంతే. గడ్డకట్టింది కదా అని కట్లపాము లేదనుకోకు, దానికి రక్తంలో ఏమీ మారదు, తెల్లవారుజామున రెప్పలు వాలతాయి. పేషెంట్‌తో పైకి చూడమను, ఒక్క ఊపిరిలో 20 దాకా లెక్కపెట్టమను, గంటకోసారి. విషం ఎక్కిన గుర్తులుంటే ఏఎస్‌వీ, అంటే పాము విషానికి విరుగుడు మందు, 10 వయల్స్ గంటలో, పిల్లలకీ అంతే, ఎందుకంటే పాము పిల్లల్ని చూసి తక్కువ విషం వదలదు. అడ్రినలిన్ సిరంజిలో తీసి పక్కన పెట్టుకున్నాకే మొదలుపెట్టాలి. మన పక్కనే ఈస్ట్ కోస్ట్ రోడ్డులో వడనెమ్మేలి దగ్గర పాములు పట్టే ఇరుళర్ల సహకార సంఘం 1978 నుంచి ఉంది, ఏఎస్‌వీకి కావాల్సిన విషంలో చాలా భాగం వాళ్ళు తీసేదే. ఆ మందు నాలుగు పాములకే పనిచేస్తుంది: నాగు, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి.

ఏఆర్ కాపీ, అంటే యాక్సిడెంట్ రిజిస్టర్, దాని సంగతి ఊరికే గుర్తుచేస్తున్నా. గాయాలు కొలవడంలో సాయం చెయ్యి, సంతకం మాత్రం డ్యూటీ డాక్టర్‌ది.

పల్లవరం_పార్ట్2
కన్సెంట్ ఎవరు తీసుకోవాలి? ప్రతి పోస్టింగ్‌లోనూ "తమ్ముడూ, సంతకం పెట్టించుకురా" అనే పంపుతారట.

నెల్లూరు_టు_సెంట్రల్
చేసేవాళ్ళే వివరించాలి. ప్లూరల్ ట్యాప్ (ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు సూదితో తీయడం) పీజీ చేస్తుంటే, దాని ప్రమాదం ఏంటో పీజీ చెప్పాలి. కాగితం మోసుకెళ్ళడం నీ పని కావచ్చు, వివరించడం కాదు. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది గుర్తుంచుకోండి: పరీక్ష కోసం ఇచ్చిన కన్సెంట్ ఆపరేషన్‌కి చెల్లదు, ప్రాణాపాయం ఉంటే తప్ప. ఇక్కడ ఫారం తమిళంలో ఉంటుంది. చదవలేని తెలుగు పేషెంట్‌తో అందులో సంతకం పెట్టిస్తే అది కాగితమే. నువ్వు తెలుగులో చెప్పావంటే "తెలుగులో వివరించాను" అని రాసి, పేరు, టైము, పక్కన సాక్షి సంతకం. నీకు ప్రొసీజర్ గురించి జవాబు చెప్పలేని ప్రశ్న వస్తే, సంతకం ఆపి పీజీని పిలువు.

పల్లవరం_పార్ట్2
సరే. ఫోన్ కాల్ ఎలా ఉండాలో రాశాను, తప్పులు చెప్పండి.
"అన్నా, పన్నెండో బెడ్ పేషెంట్ బాలేదు, ఆయాసంగా ఉంది, సాచురేషన్ తక్కువుంది, ఆక్సిజన్ పెట్టాం, ఒకసారి వస్తారా?"

మెడిసిన్_మూడో_ఏడు
దీనికి సగం మంది పీజీలు "సరే, చూస్తుండు" అని పెట్టేస్తారు. అంకె ఒక్కటీ లేదు. ఇలా చెప్పు:
"అన్నా, మెడిసిన్ వార్డు నుంచి సీఆర్‌ఆర్‌ఐని. పన్నెండో బెడ్, అరవై రెండేళ్ళ మనిషి, నిన్న యూరిన్ ఇన్‌ఫెక్షన్‌తో చేరారు, క్రియాటినిన్ 2.8. ఇరవై నిమిషాల నుంచి ఆయాసం. ఊపిరి 32, గాలి మీద సాచురేషన్ 86, పది లీటర్ల మాస్క్ మీద 93. నాడి 118, బీపీ 170/100. రెండు వైపులా అడుగున గురగుర. ఈసీజీలో ఎస్‌టీ మార్పు నాకు కనపడలేదు, ఫోటో పంపాను. నిన్నటి నుంచి సెలైన్ 3 లీటర్లు వెళ్ళింది, మూత్రం 400. నీళ్ళెక్కువై ఊపిరితిత్తుల్లో చేరాయనుకుంటున్నాను. డ్రిప్ ఆపేశాను. లాసిక్స్ ఇవ్వమంటారా? మీరు పది నిమిషాల్లో రావాలి."
నలభై సెకన్లు పడుతుంది. "అనుకుంటున్నాను" అనడానికి భయపడొద్దు. నీ అంచనా తప్పయితే పీజీ సరిచేస్తాడు, అంచనా లేకపోతే సరిచేయడానికి ఏమీ ఉండదు.

మత్తుడాక్టర్
డ్రిప్ ఆపేసి ఫోన్ చేయడం బాగుంది. ఆ పని కూడా అడగకుండా చేయొచ్చు.

ఐసీయూ_సిస్టర్
పీజీ "లాసిక్స్ 40" అంటే తిరిగి చదవండి: "లాసిక్స్ 40 మి.గ్రా. ఐవీ, ఇప్పుడే, రైట్ అన్నా?" పద్నాలుగు, నలభై ఫోన్‌లో ఇంగ్లీషులో ఒకేలా వినిపిస్తాయి. కేస్ షీట్లో "ఫోన్ ఆర్డర్" అని పేరుతో రాసి, పొద్దున పీజీతో సంతకం చేయించండి. తప్పు రాస్తే ఒక్క గీతతో కొట్టి పక్కన సంతకం పెట్టండి, వైట్‌నర్ వద్దు.

ఫార్మకాలజీ_మేష్టారు
షిఫ్ట్ మారేటప్పుడు కూడా ఇదే పద్ధతి. 2014లో తొమ్మిది ఆసుపత్రుల పిల్లల విభాగాల్లో ఐ-పాస్ అనే హ్యాండోవర్ పద్ధతి పెట్టి చూశారు, వైద్య తప్పులు 23 శాతం, నివారించదగిన హాని 30 శాతం తగ్గాయి. అందులో నాకు నచ్చింది చివరి భాగం. విన్నవాడు తన మాటల్లో తిరిగి చెప్పాలి. "పన్నెండో బెడ్ స్టేబుల్" అన్న హ్యాండోవర్ కంటే "ఆరింటికి మూత్రం 200 దాటకపోతే పీజీకి ఫోన్" అన్నది ఎంతో నయం.

పల్లవరం_పార్ట్2
చివరగా ఒకటే. షుగర్ 38తో వచ్చిన మనిషికి 25 శాతం డెక్స్‌ట్రోజ్ 100 మి.లీ. ఇచ్చాను, లేచి కూర్చున్నాడు, 160 ఉంది, ఇంటికెళ్తానంటున్నాడు. పంపొచ్చా?

మెడిసిన్_మూడో_ఏడు
ఏ మాత్ర వాడుతున్నాడో అడిగావా?

పల్లవరం_పార్ట్2
గ్లిమిపిరైడ్ (షుగర్ తగ్గించే మాత్ర) అనుకుందాం. క్రియాటినిన్ 2.1.

మెడిసిన్_మూడో_ఏడు
అయితే పంపకూడదు. కిడ్నీ నెమ్మదించిన మనిషిలో ఆ మాత్ర రోజు దాటి కూడా ఉంటుంది, ఈ 160 కొన్ని గంటల్లోనే మళ్ళీ 40 కావచ్చు. అడ్మిట్ చేయించు, అన్నం పెట్టించు, 10 శాతం డెక్స్‌ట్రోజ్ డ్రిప్ ఎంత రేటో పీజీని అడుగు. 15 నిమిషాలకి ఒకసారి, తర్వాత గంటకోసారి షుగర్, కనీసం 24 గంటలు. తాగే అలవాటుంటే థయామిన్ (విటమిన్ బి1) 100 మి.గ్రా. కూడా. వెళ్ళిపోతానని పట్టుబడితే సంతకం తీసుకునే ముందు పీజీ వచ్చి మాట్లాడాలి, ఇంటివాళ్ళని కూర్చోబెట్టి "మళ్ళీ మగత వస్తే" అన్నది వాళ్ళ భాషలో చెప్పాలి.

ఐసీయూ_సిస్టర్
గంటకోసారి అని రాస్తే చాలదు, 3, 4, 5, 6 అని టైములు రాయండి. అప్పుడే గ్లూకోమీటర్ పట్టుకుని వెళ్తాం.